పైరగాలిలో తిరిగొచ్చిన డ్రోన్

నా డ్రోన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కెమెరా కాదు. రిమోట్ మీద ఇంటి బొమ్మతో ఉండే చిన్న బటన్. దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు, ఎక్కడున్నా సరే డ్రోన్ బయల్దేరిన చోటికి తనంతట తనే వచ్చి దిగుతుంది. ఏడాది పైగా వాడాక కూడా అది తల మీదికి వచ్చి నిలబడి మెల్లగా దిగుతుంటే చంటిపిల్ల నడిచొస్తున్నంత సంబరంగా ఉంటుంది నాకు. అయితే ఆ 'ఎక్కడున్నా సరే' అన్న మాటను కొంచెం సవరించాల్సి ఉంది. ఈ సమీక్ష రాస్తున్నదే అందుకు.

నేనుండేది విజయవాడలో. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో జనం మేడల మీద చిక్కుకుపోతే డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. అది చూసిన నెలన్నరకి పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు కృష్ణ మీద ఆకాశంలో బొమ్మలు గీశాయి. గట్టు మీద జనంలో నిలబడి చూసొచ్చిన ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే ఆపేశారు కాబట్టి కొత్తదాని కోసం వెతకలేదు. గుంటూరులో పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే ఒకాయన ఇంకా పెద్దది కొనుక్కుని పాతది అమ్ముతుంటే సంక్రాంతి ముందు తీసుకున్నాను. 249 గ్రాములది, మూడు బ్యాటరీలతో. 250 గ్రాముల లోపుది కాబట్టి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. బొమ్మ ఎంత బాగా వస్తుందో, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో వేరే సమీక్షల్లో మీరు చూసే ఉంటారు, అవి వదిలేస్తాను.

ఎగరేసేది మాత్రం ఎక్కువగా ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో. మా బాబాయికి అక్కడ ఆరెకరాల మిరప ఉంది. మొదటి నెలలోనే ఒకసారి తాటిచెట్ల వరస అవతలికి పోనిస్తే స్క్రీన్ నల్లబడింది. సిగ్నల్ పోయింది. నేను ఏ బటనూ నొక్కలేదు, సిగ్నల్ పోతే ఆ బటన్ నొక్కినట్టే అది తనంతట తనే వెనక్కి బయల్దేరుతుంది. నిమిషం లోపల చెట్ల పైనుంచి దాని రొద వినబడింది, పక్కనే దిగింది. ఆ రోజు నుంచి ఆ బటన్‌ని గుడ్డిగా నమ్మాను. కనిపించిన స్నేహితుడికల్లా దాని గురించే చెప్పాను.

ఇక అసలు సంగతి. మార్చి నెల, కల్లంలో కాయలు ఎండుతున్నాయి. 60 మీటర్ల ఎత్తునుంచి చూస్తే నేల మీద ఎర్ర పట్టు పరిచినట్టుంటుంది. అందం ఒక్కటే కాదు, బాబాయికి దాంతో పని కూడా ఉంది. బాగా ఎండిన చోటికీ, ఇంకా పచ్చి ఉన్న చోటికీ రంగు తేడా పైనుంచి ఇట్టే తెలుస్తుంది. ఎక్కడ తిరగెయ్యాలో ఫోన్‌లో చూసి కూలీలకి చెప్పేవాడు. ఆ రోజు మూడు దాటాక, ఊరి ఉత్తరాన ఉన్న చెరువుని కూడా తీద్దామని అటు పంపాను. "పైరగాలి లేచిందిరా, జాగ్రత్త," అన్నాడు బాబాయి. కింద ఆకు కదలడం లేదు. గాలి ఎక్కడుంది అనుకున్నాను.

పోయేటప్పుడు దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తోంది కాబట్టి హాయిగా పోయింది. 350 మీటర్ల దూరం, 40 మీటర్ల ఎత్తు. బ్యాటరీ 40 శాతానికి రాగానే ఇంటి బటన్ నొక్కాను. అది ముందు పైకి లేచింది. 40 నుంచి 100 మీటర్లకి. అమ్మినాయన గుంటూరులో బిల్డింగులు అడ్డొస్తాయని, తిరిగొచ్చే ఎత్తు 100 మీటర్లు పెట్టుకున్నాడట. ఆ సెట్టింగు నేనెప్పుడూ తెరిచి చూడలేదు. తాటిచెట్ల అవతలనుంచి వచ్చిన రోజు కూడా ఆ ఎత్తులోనే వచ్చిందన్నమాట. ఆ రోజు గాలి లేదు, అంతే.

నేలకి దగ్గరగా చెట్లూ చేలూ గాలిని ఆపుతాయి. పైకి పోయేకొద్దీ ఆపేది ఉండదు, జోరు పెరుగుతుంది. నా డ్రోన్ తట్టుకునేది సెకనుకి సుమారు 10 మీటర్ల గాలి. 100 మీటర్ల ఎత్తులో ఆ రోజు గాలి దాదాపు అంతే ఉండి ఉండాలి. స్క్రీన్ మీద దూరం 350 దగ్గరే ఉండిపోయింది. కాసేపటికి 353. బ్యాటరీ 36, 34, 31. డ్రోన్ ముక్కు వంచి మా వైపే ఈదుతోంది, కానీ రావడం లేదు. చేతులు చల్లబడిపోయాయి. బటన్ మళ్ళీ నొక్కాను. అది చేస్తున్న పనే కదా, ఇంకేం చేస్తుంది!

బాబాయి నా భుజం పట్టుకుని, "కిందకి దించు. గాలి పైనుంది, కింద లేదు," అన్నాడు. జీవితమంతా పొలంలో నిలబడి గాలి చూసిన మనిషి, డ్రోన్ ముట్టుకున్నది లేదు. బటన్ రద్దు చేసి, ఎడమ స్టిక్ కిందికి లాగాను. 20 మీటర్లకి దించి, జోరుగా పోయే స్పోర్ట్ మోడ్‌లో పెట్టాను. 310. 240. మధ్యలో కరెంటు తీగలున్నాయి, వాటిని దాటేదాకా ఊపిరి తీసుకోలేదు. 11 శాతం మిగిలుండగా కల్లం పక్కనే దించాను. ఆ కంగారులో కాయలకి మరీ దగ్గరగా దించడంతో రెక్కల గాలికి మిరప ఘాటు లేచి అందరికీ ఒకటే దగ్గు. కూలీకొచ్చిన ఇద్దరు అక్కలు కొంగులు అడ్డుపెట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే వాళ్ళకి క్షమాపణ చెప్పుకున్నాను.

అప్పటినుంచి కొన్ని అలవాట్లు మార్చుకున్నాను. ఎగరేసే ముందు ఆ చోట ఉన్న అతి ఎత్తైన చెట్టు చూసి, దానికి పది మీటర్లు కలిపి తిరిగొచ్చే ఎత్తు పెడతాను. గాలి ఉంటే ముందు గాలికి ఎదురు పంపుతాను, వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. ఉపగ్రహాలు దొరికి బయల్దేరే చోటు గుర్తు పెట్టుకున్నానని అది చెప్పేదాకా పైకి లేపను. పడవ మీదినుంచి ఎగరేసేవాళ్ళు మరీ జాగ్రత్త. మామూలు సెట్టింగులో పడవ జరిగిపోయినా, డ్రోన్ తను లేచిన చోటికే, అంటే నీళ్ళలోకే తిరిగొస్తుంది.

చిన్న చిన్న ఇబ్బందులూ ఉన్నాయి. ఏప్రిల్ ఎండలో ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతుంది, నీడలో నిలబడాల్సిందే. నిండా చార్జి చేసి వారాల తరబడి బీరువాలో పెట్టిన బ్యాటరీ ఒకటి ఉబ్బింది, పక్కన పడేశాను. గద్దలు తిరిగే వేళ ఎగరెయ్యను, వాటి గూడు వాటిది.

పిచ్చి మాత్రం తగ్గలేదు. ఆదివారం తెల్లారుజామున నాలుగింటికి లేచి కొండవీడు కోట దారిలో మంచు తెర కోసం పోతున్నాను. సూర్యలంక బీచ్ మీద ఎంత ఆశ ఉన్నా అక్కడ వాయుసేన కేంద్రం ఉంది, అటు చూడను కూడా. డ్రోన్లు ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వపు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చగా ఉన్న చోటే, 400 అడుగుల లోపే.

మీరు కొనాలా అంటే, నాకు ఊళ్ళో పొలం ఉంది, గాలి ఎటుందో చెప్పే బాబాయి ఉన్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర అపార్ట్‌మెంట్ మేడ మీదినుంచే ఎగరేద్దామనుకునేవాళ్ళకి ఇదే డ్రోన్ నేను చెప్పినంత ఆనందం ఇస్తుందని చెప్పలేను. సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటే మాత్రం ఇంటికి తెచ్చుకున్న రోజే ఆ ఒక్క సెట్టింగు తెరిచి చూడండి. నాది ఇప్పుడు 30 మీటర్లు.