కాంటూరు గట్టా, వాలు గట్టా?

రెండూ పొలంలో మట్టి కోతను ఆపడానికి వాలుకు అడ్డంగా వేసే మట్టి గట్లే. చేసే పని మాత్రం వేరు. కాంటూరు గట్టు ఒకే ఎత్తు రేఖ మీద సాగి, వాననీటిని ఎక్కడికక్కడ నిలిపి భూమిలోకి ఇంకిస్తుంది. వాలు గట్టు 100 మీటర్లకు 20 నుంచి 40 సెంటీమీటర్ల వాలుతో నీటిని మెల్లగా పక్కకు నడిపిస్తుంది.

ఏటా సుమారు 600 మి.మీ. లోపు వాన, నీరు త్వరగా ఇంకే ఎర్ర చెల్క నేల ఉంటే మొదటిది. వాన అంతకు మించినా, నేల బంకమన్ను నల్లరేగడైనా రెండోదే. రేగడిలో కాంటూరు గట్టు వేస్తే ఎగువన నీరు నిలిచి పైరు ఎర్రబారుతుంది. ఎండకు గట్టు నెర్రెలిస్తుంది, తర్వాతి వానకు ఆ నెర్రెల్లోంచే గండి పడుతుంది.

దూరం లెక్క తేలికే: పొలం వాలు 3 శాతం (100 మీటర్లకు 3 మీటర్లు) ఉంటే గట్ల మధ్య ఎత్తు తేడా 0.9 మీటర్లు, అంటే దాదాపు 30 మీటర్లకో గట్టు. మట్టి కుంగుతుంది కాబట్టి 10 నుంచి 20 శాతం ఎత్తు ఎక్కువే పోయాలి.

వాలు గట్టుకు అసలు చిక్కు, నీరు బయటికి పోయే దాని చివర్లో ఉంది. నీరు దిగే కాలువలో గడ్డి ముందే నాటుకోవాలి. గట్టు ముందు, గడ్డి తర్వాత అనుకుంటే ఆ కాలువే వాగై పొలాన్ని కోస్తుంది.