వంశపారంపర్య క్యాన్సర్ పరీక్ష: చాట్‌బాట్ మేలా, కౌన్సెలర్ మేలా?

అమెరికాలో ఈ జన్యుపరీక్షకు ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో (కుటుంబ చరిత్ర చూసి జన్యుపరీక్షలపై సలహా ఇచ్చే నిపుణులు) మాట్లాడాలంటే అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. ఆ పని ఫోన్‌లోని చాట్‌బాట్‌కు అప్పగిస్తే ఎలా ఉంటుందో యూటా విశ్వవిద్యాలయం, న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రి కలిసి సుమారు 3,000 మందితో చూశాయి. 2024లో వచ్చిన ఫలితం: పరీక్ష చేయించుకోవడంలో రెండు దారులూ సమానమే. కాబట్టి పరీక్షకు ముందు మాటల వరకు చాట్‌బాట్ చాలు.

చిక్కంతా కుటుంబ చరిత్ర దగ్గరే. "అమ్మమ్మకు గర్భసంచి క్యాన్సర్" అంటారు మన ఇళ్లలో. అది నిజానికి అండాశయానిదైతే బీఆర్‌సీఏ జన్యువులను (వీటిలో లోపముంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది) ముందు అనుమానించాలి. గర్భాశయం లోపలి పొరదైతే లించ్ సిండ్రోమ్‌ను (పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే వంశపారంపర్య లోపం). ముఖద్వారానిదైతే దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరస్ పనే. చాట్‌బాట్ మీరు నొక్కిన బటన్‌ను నమ్ముతుంది. కౌన్సెలరైతే ఏ వయసులో వచ్చింది, ఏం తీసేశారు, పొట్టలో నీరు చేరిందా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. చాట్‌బాటే అనుకుంటే ముందు ఊరికి ఫోన్ చేసి పాత బయాప్సీ రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. మేనత్తలనూ లెక్కలో వేయండి. తండ్రికి జన్యులోపం ఉంటే కూతురికైనా కొడుకుకైనా వచ్చే అవకాశం 50 శాతం.

శాంపిల్‌కు ఇంటికొచ్చే లాలాజలం కిట్ హాయి. అరగంట ముందు నుంచి తిండి, కాఫీ, వక్కపొడి ఏవీ వద్దు. గీత దాకా రావాల్సింది ఉమ్మి, నురగ కాదు. నురగను కలుపుకుని మూత బిగిస్తే శాంపిల్ చాలక మరో కిట్ వస్తుంది. వేరే దాత నుంచి ఎముకమజ్జ మార్పిడి అయినవాళ్లకు మాత్రం లాలాజలం, రక్తం రెండూ పనికిరావు, వాటిలో దాత డీఎన్‌ఏ కనిపిస్తుంది. వాళ్లకు చర్మకణాలు తీస్తారు.

పూర్వీకుల గుట్టు చెప్పే కిట్లను దీనికి నమ్ముకోవద్దు. అలాంటి కిట్లు అమ్మే 23అండ్‌మీ కంపెనీకి 2018లో అనుమతి దొరికింది కేవలం 3 బీఆర్‌సీఏ మార్పులకు, 2023లో అది 44కు పెరిగింది. హాని చేసేవి వేలల్లో ఉన్నాయి. అందులో "ఏమీ లేదు" అని వస్తే ఊపిరి పీల్చుకోవడానికి లేదు.

ఫలితం వచ్చాక మాత్రం మనిషే కావాలి. రిపోర్టును ఆలస్యం చేయకుండా రోగికి చూపాలంటూ 2021 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల వల్ల అది చాలాసార్లు డాక్టర్ ఫోన్ కంటే ముందే ఆసుపత్రి ఆన్‌లైన్ పోర్టల్‌లో పడుతోంది. అమ్మ పోర్టల్ కొడుకు ఫోన్‌లో ఉంటే ముందు చదివేది అతనే. "ప్రాముఖ్యం తేలని మార్పు" (హాని చేస్తుందో లేదో ఇంకా తెలియనిది) అని ఉంటే దాన్ని బట్టి ఆపరేషన్ల జోలికి వెళ్లకూడదని ఆ తెర మీద చెప్పేవాళ్లుండరు. అందుకే కిట్ పోస్టు చేసిన రోజే కౌన్సెలర్ వీడియో అపాయింట్‌మెంట్ తీసుకుని, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని రాయించండి. ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఆ సాయం ఉచితంగా చేయాలి.