చెరువు ఒడ్డున సెలవుల ఇల్లు: ఎండాకాలం శుభ్రానికి ఏది మేలు?

వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు మాకు రెండు గదుల ఇల్లు ఉంది. వరండాలో నిలబడితే నీళ్లు కనిపిస్తాయి. ఉగాది దాటిందంటే చాలు, చుట్టాలూ స్నేహితులూ ఒకటే అడుగుతారు: హైదరాబాద్‌లో ఉంటూ ఆ ఇంటిని ఎలా శుభ్రంగా ఉంచుతున్నారు, మీరే చేసుకుంటారా, డీప్ క్లీనింగ్ వాళ్లను పిలుస్తారా, ఊళ్లో మనిషిని పెట్టుకున్నారా అని. మూడూ చేసి చూశాం.

మొదటి వేసవి మేమే చేసుకున్నాం. ఖర్చు లేదు, ఏ మూల ఏముందో మనకే తెలుస్తుంది. కానీ రెండున్నర గంటలు ప్రయాణం చేసి దిగగానే చీపురు పట్టాలి. బూజు, బల్లి పెంటికలు, కిటికీ సందుల్లో ఎర్రమట్టి. నీళ్ల దగ్గరికి వెళ్దామని పిల్లలు తలుపు దగ్గరే నిలబడేవారు. మధ్యాహ్నానికి నా నడుం పడిపోయేది.

రెండో వేసవి నెలకోసారి ఏజెన్సీని పిలిచాం. విడతకు ఆరు వేలు. నలుగురు కుర్రాళ్లు మెషీన్లతో వచ్చి ఐదు గంటల్లో ఇంటిని అద్దంలా చేసి వెళ్లేవారు. ఒకసారి మాత్రం బాత్రూమ్ కోసం తెచ్చిన యాసిడ్‌ను వరండాలోనూ పోశారు. మావి తాండూరు బండలు, అంటే సున్నపురాయి. యాసిడ్ పడగానే బుసబుస పొంగి నునుపంతా పోయింది. చాటంత మేర ఇప్పటికీ తెల్లగా, గరుకుగా ఉంది. దుమ్ము ముందు అక్కడే పడుతుంది. గ్రానైట్ వేయించుకున్నవాళ్లకు ఈ భయం తక్కువ.

అయితే నేను ఏజెన్సీని మానింది బండల కోసం కాదు. మూసిన ఇంటికి అసలు శత్రువు మురికి కన్నా ఎండే. బాత్రూమ్ జాలీ కింద గిన్నెలా ఉండే నహాణీ ట్రాప్‌లో నిలిచే కాసిని నీళ్లే డ్రైనేజీ వాసనకూ బొద్దింకలకూ అడ్డు. ఏప్రిల్, మే ఎండలకు ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ఏజెన్సీ వచ్చివెళ్లిన మూడు వారాలకు తలుపు తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. నేల మాత్రం మెరుస్తూనే ఉంది. ట్రాప్‌లో చెంబెడు నీళ్లు పోసి పైన చెంచాడు వంటనూనె వేస్తే కొన్నాళ్లు ఆగుతాయి. కానీ వేసవి అంతటికీ అది సరిపోదు. పైగా ప్రాజెక్టులో నీళ్లు వెనక్కి తగ్గాక ఎండిన ఒడ్డు మీది దుమ్మంతా గాలికి వరండాలోకే వస్తుంది. నెలకోసారి ఎంత తోమినా, వారానికి రెండుసార్లు చెయ్యి పడే ఇంటితో సమానం కాదు.

అందుకే ఇప్పుడు ఊళ్లోంచి ఒక అక్క వస్తోంది. మంగళ, శుక్రవారాలు పొద్దున ఆరింటికి. కిటికీలు తెరిచి, ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, కుళాయిలన్నీ ఓసారి విప్పి, జాలీల్లో నీళ్లు పోస్తుంది. గంటన్నర పని. నెలకు మూడు వేలు, మేం వెళ్లని నెలలో కూడా ఇస్తాం. అప్పుడే కదా ఆమె పని ఎక్కువ అవసరం. ఇంట్లో యాసిడ్ సీసా లేదు. కుళాయిల మీద ఉప్పు మరకలకు నిమ్మచెక్క రుద్దుతుంది, బండ మీద చుక్క పడకుండా కింద గుడ్డ పరిచి మరీ. తొలివాన పడిన రాత్రి వరండా లైటు వేయొద్దని, ఉసిళ్లు ఇల్లంతా నిండుతాయని చెప్పింది కూడా ఆమే.

పెళ్లిళ్ల రోజుల్లో ఒకటి రెండు వారాలు రాదు. ట్యాంకు కడగడం ఆమె పని కాదు. అందుకని మార్చి చివర ఒక్కసారి ఏజెన్సీని పిలుస్తాం, యాసిడ్ తేవద్దని ముందే చెప్పి.

వాచ్‌మన్ కుటుంబాన్ని ఉంచడం పెద్ద తోట ఉన్నవాళ్లకు బాగుంటుంది. రోబో వాక్యూమ్ మా ఇంటి గడపలు దాటలేదు.

మొన్న శుక్రవారం అక్క ఫోన్ చేసి వంటింటి సింకు కింద తడిగా ఉందని చెప్పింది. ఊళ్లోని ప్లంబర్‌నే పంపమన్నాం. శనివారం మేం వెళ్లేసరికి పైపుకు కొత్త వాషర్ పడింది, పాతది గట్టు మీద మాకోసం పెట్టి ఉంచింది.