‘రెండుసార్లే వాడాను’ అంటూ పౌడర్ రుద్దిన టెంటు అంటగట్టాడు, పాత టెంట్లు కొనేవాళ్ళు జాగ్రత్త

సైకిల్ టూరింగ్‌కో, ట్రెక్కింగ్‌కో పాత లైట్‌వెయిట్ టెంట్లు కొనేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. కోపంలోనే రాస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదకు పోయి సగం మింగేస్తానని ఇప్పుడే కూర్చున్నాను.

పాత టూరింగ్ సామాను అమ్మే ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు. ఎప్పుడూ ఓ టెంటో, ప్యానియర్ల (సైకిల్‌కు పక్కల తగిలించే సంచుల) జతో అమ్మకానికి పెడుతూనే ఉంటాడు. పేరు రాయను. ఆయన దగ్గర ఇద్దరు పట్టే, సొరంగం ఆకారపు టన్నెల్ టెంటు ఒకటి కొన్నాను. దాని ఫ్లై, అంటే వాన ఆపే బయటి గుడ్డ, లోపలి కోటింగ్ మొత్తం చెడిపోయి బంకలా తయారైంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే, లోపలంతా టాల్కం పౌడర్ రుద్ది, నీట్‌గా మడిచి పంపాడు.

ఎందుకు కొన్నానో క్లుప్తంగా చెబుతాను. ఈ రకం టెంట్లు చాలావాటిలో ఫ్లై, ఇన్నర్ (పడుకునే లోపలి గుడ్డ) కలిసే లేస్తాయి, కాబట్టి వానలో వేసినా లోపల తడవదు. ముందు భాగంలో ప్యానియర్లన్నీ పడతాయి. ఇప్పుడొస్తున్న బాగా తేలికైన వాటిలో గుడ్డ 10, 15 డెనియర్‌కు దిగిపోయింది. డెనియర్ అంటే 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. అంత పల్చటి నేలగుడ్డ మీద రాళ్ళ నేలలో పడుకోవాలంటే నాకు ధైర్యం చాలదు. పాతవాటి గుడ్డ కాస్త దళసరి, కుట్టు గట్టి. అందుకే పాతదాని కోసమే వెతికాను.

ప్రకటనలో ఏముందంటే: ‘రెండుసార్లే వాడాను, మిగతా కాలమంతా సంచిలోనే ఉంది, కొత్తదే అనుకోండి.’ ఫొటోల్లో ఫ్లై రంగు నిజంగానే మెరిసిపోతోంది. అయినా ఫొటోలు నమ్మి ఊరుకోలేదు. అడగాల్సినవన్నీ విడివిడిగా అడిగాను. ఫ్లై లోపలివైపు చేతికి అంటుకుంటోందా? వాసన ఉందా? కుట్ల మీది టేపు లేచిందా? లోపలివైపు ఫొటో పెట్టగలరా? ఆయన సమాధానం నా దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది: “అలాంటిదేం లేదు తమ్ముడూ, ఇప్పుడే చెయ్యి పెట్టి చూసి చెబుతున్నా.” వెంటనే ఫొటో కూడా పంపాడు. అందులో గుడ్డ మరకా మచ్చా లేకుండా, నున్నగా, కాస్త తెల్లగా కనిపించింది. ఆ తెలుపు వెలుతురు వల్ల వచ్చింది కాదని టెంటు చేతికొచ్చాకే తెలిసింది.

సంచి మూతి విప్పగానే ముందు సెంటు వాసన కొట్టింది. ఆ వెనకే ఇంకో వాసన, వాంతి కంపు. పాత టెంట్లు తెలిసినవాళ్ళకి ఆ కంపు చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. మడత విప్పుతుంటే చర్రుమని చప్పుడు, ఎన్నాళ్ళ నాటిదో ప్లాస్టర్ పట్టీని ఒంటిమీంచి లాగినట్టు. అరచేతులకు తెల్లటి పొడి. మడతల మూలల్లో అది ఉండలు కట్టి ఉంది. తడిగుడ్డతో జానెడు మేర తుడిచాను. పొడి పోయింది, దాని కింద పసుపు పచ్చగా, నిగనిగలాడుతూ జిగురు. బొటనవేలు ఆనించి తీస్తే నా వేలిముద్ర ఆ కోటింగ్‌లో దిగి ఉండిపోయింది. కుట్ల మీది టేపు చివర పట్టుకుని మెల్లగా లాగితే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊడి చేతిలోకి వచ్చేసింది. బయట వేసి పైనుంచి నీళ్ళు పోస్తే కుట్ల వెంట లోపలికి ధారలు కట్టింది.

ఫోన్ చేశాను. నాకు అసలు మండింది ఇక్కడే. టెంట్లు పాతబడతాయి, పాడవుతాయి, అది నాకూ తెలుసు. ‘కోటింగ్ పోయింది, పోల్స్ కోసమో గుడ్డ కోసమో తీసుకోండి’ అని ఉన్నమాట చెప్పి తక్కువకు ఇచ్చి ఉంటే దండం పెట్టి తీసుకునేవాణ్ణి. ఈయన అలా చెయ్యలేదు. అప్పటిదాకా నోటినిండా ‘తమ్ముడూ’ అన్న మనిషి ఒక్కసారిగా “చూడండి సార్” అని మొదలుపెట్టాడు. “నేను పంపినప్పుడు బాగానే ఉంది, మీరు తడిపినట్టున్నారు” అన్నాడు. టెంటు అన్నాక తడవదా అని అడిగాను. దానికి జవాబు లేదు. మరి పౌడర్ ఎందుకు వేశారని అడిగితే కాసేపు మౌనం. తర్వాత, “గుడ్డ ఒకదానికొకటి అంటుకోకుండా వేశాను, అది మెయింటెనెన్స్” అన్నాడు.

అంటుకుంటోందని తెలిస్తేనే కదా అంటుకోకుండా పౌడర్ వేసేది! అంటుకుంటోందా అని నేను అడిగినప్పుడు చెయ్యి పెట్టి చూశానన్నాడు. ఆ చెయ్యి పెట్టింది పౌడర్ మీద. ఆ మాట ఆయన నోటివెంటే వచ్చింది, నేను తిరిగి గుర్తుచేశాను, “మీతో వాదించే టైం లేదు” అని పెట్టేశాడు. నాకు పోయిన డబ్బు కంటే ఈ ముక్క ఎక్కువ బాధపెట్టింది. కొండల్లో, రాత్రి పూట, పెళ్ళాం బిడ్డలతో ఉన్నవాడు ఈ టెంటు నమ్ముకుని పడుకుంటే ఏమయ్యేది? తడిసిన స్లీపింగ్ బ్యాగుతో చలిలో తెల్లవార్లూ కూర్చుంటే ప్రాణం మీదికే వస్తుంది. అమ్మే మనిషికి ఆ మాత్రం ఆలోచన ఉండొద్దా?

ఇప్పుడు ఆ ‘రెండుసార్లే వాడాను’ సంగతి. నాకు ఆయన అబద్ధం చెప్పాడని కూడా అనిపించడం లేదు. నిజంగానే రెండుసార్లు వాడి ఉంటాడు. మిగతా కాలమంతా సంచిలో మగ్గడమే ఈ టెంటును చంపింది. ఫ్లై లోపల నీళ్ళు ఆపేది పాలీయురెథేన్ కోటింగ్, అందరూ పీయూ అంటారు. తేమ, వెచ్చదనం కలిస్తే ఆ పదార్థం లోపల్లోపలే విడిపోతుంది. దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. ముందు జిగురవుతుంది, తర్వాత పొట్టు పొట్టుగా రాలుతుంది. ఆ కంపు కూడా దానిదే. కాస్త చెమ్మ మీదే మడిచి, సంచిలో బిగించి, ఏ వేడి అటకమీదో పడేస్తే వాడకపోయినా కుళ్ళిపోతుంది. ఏటా వాడుతూ, ప్రతిసారీ ఎండబెట్టి, వదులుగా దాచుకున్న టెంటు దీనికంటే ఎన్నో రెట్లు నయం.

ఫ్లై రంగు అంత కొత్తగా కనిపించడానికి కారణమూ ఇదే. అది ఎండ మొహం చూడలేదు. ఎండ తిన్న నైలాన్ వెలిసిపోతుంది, బలం పోయి చేత్తో లాగితేనే చిరుగుతుంది, అది వేరే జబ్బు. బయటి రంగు చూస్తే ఎండ సంగతి తెలుస్తుంది గానీ చెమ్మ సంగతి తెలియదు. మెరిసే ఫొటో చూసి లోపల కూడా బాగుంటుందనుకోవడానికి వీల్లేదు. ప్రకటనలో ‘3000 మి.మీ. వాటర్‌ప్రూఫ్’ అని కూడా రాశాడు. అది గుడ్డ మీద ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీళ్ళు నిలబెడితే కారకుండా ఆపుతుందన్న లెక్క, టెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటిది. ఈ ఫ్లైకి ఇప్పుడు ఆ అంకెతో సంబంధమే లేదు.

ఇంకో మాట అన్నాడు, అది విని ఎవరూ మోసపోవద్దు. “ఒక వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టుకోండి, సరిపోతుంది.” సరిపోదు. ఆ స్ప్రేలు బయటివైపు నీటిబొట్టు జారిపోవడానికి పనికొస్తాయి, లోపల ఊడిపోయిన పొర స్థానంలో కొత్త పొర వెయ్యవు. కుళ్ళిన పీయూ మీద ఏది పూసినా అదీ దాంతోపాటే ఊడుతుంది. ఓపిక ఉన్నవాళ్ళు పాత కోటింగ్ అంతా గీకేసి, సిలికాన్‌ను మినరల్ స్పిరిట్స్‌లో పల్చగా కలిపి మళ్ళీ పూస్తారు, కుట్లన్నీ సిలికాన్‌తో సీల్ చేస్తారు. అది రోజుల తరబడి చేసే చాకిరీ, ఫలితం గ్యారంటీ లేదు. ‘కొత్తదే అనుకోండి’ అన్న టెంటుకు నేనెందుకు ఆ పని చెయ్యాలి?

బరువు విషయంలోనూ ఇలాగే. ఆయన రాసిన బరువు ఫ్లై, ఇన్నర్, పోల్స్ మాత్రమే కలిపితే వచ్చేది. పెగ్గులు, తాళ్ళు, సంచులు అందులో లేవు. కొత్త టెంట్లు తయారుచేసేవాళ్ళు కూడా చాలామంది ఆ చిన్న అంకెనే పెద్దక్షరాల్లో వేస్తారు. అందుకే కొత్తదైనా పాతదైనా ‘ప్యాక్డ్ వెయిట్’, అంటే అన్నీ కలిపిన బరువు, ఎంతో అడగండి. సైకిల్ వాళ్ళయితే పోల్స్ మడిస్తే ఎంత పొడవొస్తాయో కూడా అడగండి. 30 సెం.మీ. దగ్గర ఉంటే హ్యాండిల్‌బార్ మధ్య పడతాయి, 45 దాటితే ర్యాక్ మీద అడ్డంగా కట్టుకోవాలి.

పాత టెంట్లన్నీ వదిలెయ్యమని నేను అనడం లేదు. గుడ్డకు రెండువైపులా సిలికాన్ ఎక్కించినవి ఈ జబ్బు పడవు. 1971లో మొదలైన స్వీడన్ సంస్థ హిల్లెబర్గ్ తమ బయటి గుడ్డకు వాడేది ఈ పద్ధతే. పాత సిలికాన్ ఫ్లైలు ఇప్పటికీ బాగా నడుస్తున్నాయంటే కారణం అదే. అయితే వాటిలోనూ చాలావాటి నేలగుడ్డకు పీయూ కోటింగే ఉంటుంది, కాబట్టి నేలను విడిగా తడిమి చూడాలి. సిలికాన్ మీద కుట్ల టేపు అతుక్కోదు. అలాంటి గుడ్డ మీద టేపు లేదని కంగారు పడక్కర్లేదు, కుట్లు సిలికాన్‌తో సీల్ చేశారా లేదా అన్నది అడగాలి. లోపలివైపు టేపు కనిపిస్తే అక్కడ పీయూ ఉన్నట్టే లెక్క, వెంటనే అనుమానించండి. డైనీమా కాంపోజిట్ (పల్చటి ప్లాస్టిక్ పొరల మధ్య గట్టి దారాలు అతికించిన గుడ్డ) టెంట్లకు, అంటే పాతవాళ్ళు క్యూబెన్ ఫైబర్ అనేవాటికి, పీయూ బాధ లేదు గానీ పొరలు విడిపోయాయా, సూది బెజ్జాలున్నాయా అన్నది వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి.

ఫొటోలతో ఆగకండి. వీడియో అడగండి. ఫ్లై లోపలివైపును తడిగుడ్డతో తుడిచి, రెండు మడతలు కలిపి నొక్కి, మళ్ళీ విడదీసి చూపించమనండి. చప్పుడు వినిపించేలా తియ్యమనండి. నిజాయితీగా అమ్మేవాడికి అది నిమిషం పని, చేసి చూపిస్తాడు. కొన్నాక కూడా సంచి విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.

సగం డబ్బు ఇస్తా, టెంటు వెనక్కి పంపు అని నిన్న మెసేజ్ పెట్టాడు. పంపడం లేదు. పంపితే ఇంకో పౌడర్ డబ్బా ఖాళీ చేసి మీలో ఒకరికి అమ్ముతాడు. ఇప్పటికే ఇలాంటిదే ఇంకో టెంటు అమ్మకానికి పెట్టాడు. అదే రంగు, అవే మాటలు, లోపలి ఫొటో మళ్ళీ అదే తెల్లదనం. దాని ఎడమ తలుపు జిప్పు కింద నల్లటి చదరపు అతుకు ఉంది, ముందు పోల్‌లో ఒక ముక్క మిగతావాటికంటే లావుగా, వెండిరంగులో ఉంది. బేరం ఆడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు డబ్బు పంపకుండా ఆగండి, తడిగుడ్డ వీడియో అడగండి.