కుండీలో దేవగన్నేరు: డ్వార్ఫ్ సింగపూర్ పింక్‌తో మూడేళ్లు

మామూలు దేవగన్నేరు కుండీలో పెరగదని కాదు. పెరుగుతుంది, కానీ అడుగు పొడవు ఆకులు గాలిని పట్టేసి కుండీనే పడేస్తాయి. అలా రెండు కుండీలు పగిలాకే చిన్నాకు రకం కోసం వెతికాను.

మొదటిసారి మోసపోయాను. 'మినీ' అని అమ్మిన మొక్క ఏడాదిలో నా భుజం దాటింది. ఇప్పుడైతే ఆకుల కంటే ముందు కాండం చూస్తాను. ఆకులు రాలిన మచ్చలు ఒకదాన్నొకటి ఆనుకుని, వేలి వెడల్పులో రెండు మూడు ఉంటే అది గుబురు రకం. మచ్చల మధ్య ఖాళీ ఉంటే సాగే రకం, లేదా నీడలో పెంచిన మొక్క. విత్తనం మొక్క మాత్రం వద్దు, తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. కొమ్మ నాటిందో, అంటు కట్టిందో తీసుకోండి.

డ్వార్ఫ్ సింగపూర్ పింక్ అనే నా పొట్టి రకం దేవగన్నేరు 12 అంగుళాల కుండీలో ఇంకా నడుము ఎత్తే ఉంది. ఆకులు అరచేయంత. లేత గులాబీ పూలు చిన్నవే, గుత్తిగా విచ్చితే ఎంత ముద్దొస్తాయో! పూసిన కొమ్మ చివర మళ్లీ రెండు మూడు చీలికలు వేస్తుంది, అందుకే కత్తిరించే పని దాదాపు లేదు.

లోపమంటే నిదానం. మొదటి ఏడాది ఒక్క పువ్వూ లేదు. నీళ్లు నిలిస్తే కాండం మొదలు మెత్తబడుతుంది, అందుకే మట్టిలో సగం ఇసుక కలిపాను. కొమ్మ తుంచితే కారే పాలు మాత్రం చర్మానికి తగలనివ్వకండి.