సంక్రాంతి మూడూ, ఆ తర్వాత కోర్టూ

నాకు సినిమా అంటే విజయవాడ గాంధీనగర్‌లో సెకండ్ షోనే. వన్‌టౌన్‌లో కొట్టు కట్టేసరికి ఎనిమిదిన్నర దాటుద్ది మరి.

2025 సంక్రాంతికి మూడొచ్చాయి. జనవరి 10న గేమ్ ఛేంజర్. శంకర్ పాటలకి పెట్టిన ఖర్చంతా కనపడింది, కథే కనపళ్ళా. నత్తితో మాట్లాడే అప్పన్నగా రామ్ చరణ్ మాత్రం బాగా చేశాడు. డాకు మహారాజ్‌లో బాలయ్యని బాబీ కొంచెం నెమ్మదిగా చూపించాడు, నాకు నచ్చింది. తమన్ మోతకి పక్కసీటాయన ఏమన్నాడో వినపడలా.

మూడోది ‘సంక్రాంతికి వస్తున్నాం’, దానికి ఇంటిల్లిపాదితో వెళ్లా. లాజిక్కా, అబ్బే! బుల్లిరాజు తిట్లకి మా అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. పిల్లాడి చేత అన్ని బూతులేంటి అని నాకనిపించింది గానీ, ఆవిడ ముందు అన్లేదు. రమణ గోగుల గొంతు మళ్లీ విన్నాం, అది చాలు.

నన్ను పట్టేసింది మాత్రం మార్చిలో వచ్చిన కోర్ట్. పోక్సో కేసులో, అంటే మైనర్లపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసులో, ఇరుక్కున్న కుర్రాడి కథ. పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు. శివాజీ అమ్మాయి మావయ్య మంగపతిగా కళ్లెర్రజేస్తే వెనక వరసలో ఒకాయన పైకే తిట్టాడు. ఆ మావయ్య పరువు పిచ్చి అంత నిజంగా ఉంది, అలాంటోళ్లని మా బజార్లోనే చూశా. సెకండాఫ్‌లో ప్రియదర్శి వాదిస్తుంటే హాల్లో ఫోన్లు వెలగలేదు. మొదటి అరగంట ప్రేమ ముచ్చట్లు కాస్త కోస్తే బాగుండేది.

పాప్‌కార్న్ రేటు మాత్రం అడక్కండి. ఇంట్లో తినేసే వెళ్లండి.