హనుమకొండల బాపు ఉంటున్న ఓల్డేజ్ హోమ్, మందుల విషయంల నా రివ్యూ

హోమ్ పేరు ఇక్కడ రాస్తలేను, మంచితోపాటు నాకు నచ్చనివి కూడా రాస్తున్న కాబట్టి. హనుమకొండలనే ఉంటది, ముప్పై మందికి జర తక్కువ పెద్దమనుషులు ఉంటరు, అందుల చానామంది పిల్లలు హైదరాబాద్లనో అమెరికాలనో ఉన్నోళ్ళే. మా బాపు సింగరేణిల చేసి రిటైరైండు. షుగర్, బీపీ, థైరాయిడ్ మూడూ ఉన్నయ్, కంటికి గ్లకోమా చుక్కలు, ఈ మధ్య మతిమరుపు కూడా మొదలైంది. రూం నీట్‌గ ఉంటది, కూరల ఉప్పు తక్కువేస్తరు గని తిండి బాగుంటది, వాటి గురించి ఇంతే. నేను రాయాలనుకున్నది మందుల గురించి, ఎందుకంటే హోమ్ చూడనీకి పోయినోళ్ళకు అందరూ రూం, గార్డెన్, పూజ గది చూపిస్తరు గని మందుల అల్మారా చూపించమంటే ముఖాలు చూస్కుంటరు. మేం తిరిగిన వాటిల అడగంగనే అల్మారా తాళం తీసి చూపించింది ఈ ఒక్క హోమే.

చేర్పించే రోజు ఒక సంచి నిండ గోలీలు పట్టుకపోయినం. నిండు షీట్లు, సగం కత్తిరించిన షీట్లు, బాపు తన ప్లాస్టిక్ డబ్బాల పోసుకున్న విడి గోలీలు అన్నీ ఉన్నయ్ అందుల. సిస్టర్ విడి గోలీలు ఒక్కటి కూడా తీస్కోలే, "షీట్ మీద పేరు, ఎక్స్‌పైరీ డేట్ లేకుంటే అదేం గోలీనో నేనెట్ల చెప్పాలె అక్కా" అన్నది. తర్వాత చిట్టీలన్నీ టేబుల్ మీద పరిచి ఒక్కో షీట్ చేతుల వట్టుకొని, పైన పెద్దక్షరాల కంపెనీ పేరు కాదు, కింద చిన్నక్షరాల ఉండే అసలు మందు పేరు చదువుకుంట రాసుకుంట పోయింది. అప్పుడు బయటపడ్డది, కరీంనగర్ల చూపించినప్పుడు రాసిన స్టామ్లో, హనుమకొండల చూపించినప్పుడు రాసిన ఆమ్లాంగ్, రెండూ ఒకటే మందు, ఆమ్లోడిపిన్. రెండు ఊర్లు, ఇద్దరు డాక్టర్లు, రెండు పేర్లు, మందు మాత్రం ఒకటే, బాపు కడుపులకు డబల్ పోతుండె. బాపు కాళ్ళు వాస్తున్నయని అప్పటికే అందరం పరేషాన్ అయితున్నం, ఆ మందుకు కాళ్ళు వాసుడు తెలిసిన సైడ్ ఎఫెక్టే, డోసు పెరిగితే ఇంకా ఎక్కువైతది. సిస్టర్ అప్పటికప్పుడే డాక్టర్‌కు ఫోన్ కొట్టింది, ఆయన ఒకటి ఆపేయమన్నడు, తనంతట తను ఆపలే అది గమనించాలె. కొన్ని రోజులకు వాపు దిగింది. ఈ హోమ్ మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడనే.

ఇగ రోజూ ఎట్ల ఇస్తరంటే, ప్రతి ఒక్కరికి ఒక ఫైల్, దాని మీద ఫోటో, రూం నంబర్, ఏ మందు పడదో ఎర్ర ఇంకుతోటి. లోపల నెలంతా గీతలు గీసిన షీట్, మందు పేరు, డోసు, టైమ్, ఎదురుంగ సంతకం. ఆ ఫోటో దేనికంటే ఇక్కడ ఒకటే పేరున్న పెద్దమనుషులు ఇద్దరున్నరు, ఇద్దరికీ షుగరే, ఒకాయనకు సూది, ఇంకొకాయనకు గోలీలు. కొత్తగ వచ్చిన ఆయాకు పేరు విని ఇచ్చే పని అప్పజెప్తే ఏమైతదో మీరే ఆలోచించండ్రి. మతిమరుపు ఉన్నోళ్ళను "నీ పేరేంది తాతా" అంటే కొందరు ఏ పేరు పిలిచినా పలుకుతరు, అందుకే ఫోటో చూసి మనిషిని చూసి ఇయ్యాలె.

ఇంకోటి, సంతకం గోలీ మింగినంక పెడ్తరు, ముందుగాల కాదు. చిన్న విషయం లెక్క కనిపిస్తది గని మేం చూసిన ఇంకో హోమ్ల (పేరు వద్దు) పొద్దుగాలనే రోజంతా సంతకాలు పెట్టేసి ఉన్నయ్, మేం పోయింది పదకొండు గంటలకు, రాత్రి తొమ్మిదింటి గోలీ కూడా ఇచ్చినట్టు రాసి ఉంది! అక్కడనే ట్రేల చిన్న చిన్న గిన్నెలు, ఒక్కోదాంట్ల ఒక్కొక్కరి గోలీలు ముందే తీసి పెట్టిన్రు, గిన్నె మీద ప్లాస్టర్ అంటించి పేరు రాసిన్రు, ఒకదాని ప్లాస్టర్ ఊడిపోయి ఉంది. షీట్ల నుంచి బయటికొచ్చినంక సగం గోలీలు తెల్లగ గుండ్రంగనే ఉంటయ్, ఏది ఎవరిదో ఎవరు చెప్పగలరు? బాపు ఉండే హోమ్ల సిస్టర్ బండి తోసుకుంట మంచం దగ్గరికే వస్తది, అక్కడనే షీట్ల నుంచి తీస్తది, నీళ్ళిస్తది, మింగిందాక నిలబడ్తది. బాపుకు గోలీ బుగ్గల దాచుకునే అలవాటుంది, "తాతా నోరు తెరువు" అని చూస్తది. వద్దంటే బలవంతం చెయ్యదు, కొద్దిసేపాగి మళ్ళొస్తది, అప్పటికీ తీస్కోకపోతే "తీస్కోలే" అనే రాస్తది. ఖాళీ డబ్బాల దొంగ సంతకం కంటే ఆ మాట రాసుడే డాక్టర్‌కు పనికొస్తది.

టైమ్ విషయంల కూడా వీళ్ళకు తెలివుంది. థైరాయిడ్ గోలీ పొద్దుగాల లేవంగనే ఉత్త నీళ్ళతోటి, తర్వాత అరగంట నుంచి గంట దాక చాయ్ కూడా లేదు. బాపుకు క్యాల్షియం గోలీ కూడా ఉంది, రెండూ కలిపి ఇస్తే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు, కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలె, కాబట్టి క్యాల్షియం మధ్యాహ్నం బువ్వ తిన్నంక. మా ఇంట్ల ఎప్పుడూ పొద్దుగాలవన్నీ ఒకటేసారి అరచేతుల పోసుకొని వేసుకునుడే, చానా ఇండ్లల్ల అంతే. కంటి చుక్కలు రెండు రకాలున్నయ్, ఒకటి వేసినంక ఐదు నిమిషాలాగి రెండోది వేస్తరు, సీసా మూత తీసిన తారీఖు దాని మీదనే రాస్తరు, నెల దాటంగనే పడేస్తరు, మందు మిగిలినా సరే.

ఇన్సులిన్ గురించి జర ఎక్కువ రాస్త, ఎందుకంటే పాణం మీదికొచ్చే తప్పులు దీంట్లనే జరుగుతయ్. మన దగ్గర సీసాల దొరికే ఇన్సులిన్ మామూలుగ ఒక ఎమ్మెల్‌కు 40 యూనిట్లు ఉంటది, పెన్నుల వేసే కాట్రిడ్జ్‌ల 100 యూనిట్లు ఉంటది. సిరంజీలు కూడా రెండు రకాలు, ఎర్ర మూతది 40 దానికి, ఆరెంజ్ మూతది 100 దానికి. బాపుది 40 సీసా, పొద్దున 20 యూనిట్లు. అదే ఆరెంజ్ మూత సిరంజీల 20 గీత దాక గుంజితే పోయేది 8 యూనిట్లే, షుగర్ దిగదు, ఎందుకు దిగుతలేదో ఎవరికీ సమజ్ కాదు. దానికి ఉల్టా అయితే ఇంకా భయంకరం, కాట్రిడ్జ్ మందును ఎర్ర మూత సిరంజీతోటి 20 గీత దాక గుంజితే 50 యూనిట్లు ఎక్కుతయ్, ముసలి మనిషికి అది ప్రాణాంతకం. ఈ హోమ్ల ఎవరి సిరంజీలు వాళ్ళ పేరున్న డబ్బాల వేరుగ పెట్టిన్రు, ఇన్సులిన్ డోసును ఇంకొకరు చూసినంకనే వేస్తరు. మెడికల్ షాపుల నుంచి సిరంజీలు తెచ్చిచ్చేటోళ్ళు దయచేసి మూత రంగు చూసి తేండ్రి.

ఫ్రిజ్ సంగతి. కొత్త ఇన్సులిన్ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యల ఉండాలె, గడ్డ కట్టొద్దు, ఒకసారి గడ్డ కడితే కరిగినా పనికిరాదు. వీళ్ళకు మందులకు వేరే చిన్న ఫ్రిజ్ ఉంది, లోపల థర్మామీటర్, పొద్దున మాపున డిగ్రీలు రాస్తరు, ఇన్వర్టర్ కనెక్షన్ ఉంది. పాలప్యాకెట్లు, కూరగాయలు ఆ ఫ్రిజ్ల పెట్టనియ్యరు. వాడుతున్న సీసా బయట పెట్టుకోవచ్చు అంటరు గని అది చల్లగ ఉండే రూంల మాట, మే నెలల మన వరంగల్ ఎండకు రూంల పెడితే మందు ఖరాబైతది. సీసా మీద తెరిచిన తారీఖు ఉంటది, నాలుగు వారాలకు తీసేస్తరు. అల్మారా కూడా కిటికీ పక్కన, వంటింటి గోడకు ఆనించి పెట్టలే, తాళంచెవి డ్యూటీ సిస్టర్ దగ్గరనే.

గోలీలు దంచి బువ్వల కలిపే విషయం. మింగుడు కష్టమైనోళ్ళకు చాన హోమ్లల్ల అన్నీ కలిపి దంచి పెరుగుల కలిపి పెట్టేస్తరు. పేరు వెనుక ఎస్సార్, ఈఆర్, ఎక్సెల్ (SR, ER, XL) అనుంటే అది మెల్లమెల్లగ కరగాల్సిన గోలీ, దంచితే రోజంతా పట్టాల్సిన మందు ఒక్కసారే ఒంట్లకు పోతది. బాపు షుగర్ గోలీ ఎస్సారే. మింగలేకపోతే డాక్టర్‌ను అడిగి సిరప్పో మామూలు గోలీయో రాయించుకుంటం, దంచము అన్నరు ఇక్కడ. మనిషికి చెప్పకుండ అన్నంల కలుపుడు కూడా చెయ్యరు, చెయ్యాల్సొస్తే డాక్టర్, ఇంటోళ్ళు ఇద్దరూ ఒప్పుకోవాలంట. నాకు ఇది మస్తు నచ్చింది, మతి తప్పినా బాపు మనిషే కదా, ఏం మింగుతున్నడో ఆయనకు చెప్పాలె.

నిద్ర గోలీలు అయితే తప్పకుండ అడగండ్రి. రాత్రి చూసుకునేటోళ్ళు తక్కువుంటే అందరినీ పండబెట్టుడు సులువు కదా. అల్ప్రజోలం లాంటి గోలీ పెద్ద వయసోళ్ళకు ఇస్తే మత్తుల లేచి పడిపోతరు, తుంటి విరుగుతది, ఆ తర్వాత కొందరు మంచం దిగరు. ఆ మందు షెడ్యూల్ హెచ్1ల (కట్టడిగ అమ్మాల్సిన మందుల సర్కార్ లిస్టు) ఉంది, చిట్టీ లేకుండ అమ్మొద్దు, షాపోళ్ళు వేరే రిజిస్టర్ల పేషెంట్ పేరు, డాక్టర్ పేరు రాసి మూడేండ్లు దాచిపెట్టాలె, 2014 నుంచి ఉన్న రూలే. ఈ హోమ్ల ఇద్దరికే నిద్ర గోలీ నడుస్తుందట, ఇద్దరికీ చిట్టీ ఉంది, డాక్టర్ వచ్చినప్పుడల్లా తగ్గించొచ్చా అని చూస్తడు అని మేనేజర్ చెప్పిండు. బాపు రాత్రి లేచి తిరుగుతుంటే గోలీ అడగలే, పగటి పూట పండుకోనియ్యకుండ మాపటికి ఆవరణల నడిపిస్తున్నరు.

ఇప్పుడు నచ్చనివి. అన్నిటికన్న పెద్దది రాత్రి డ్యూటీ. రాత్రి తొమ్మిది దాటితే సిస్టర్ ఉండదు, ఇద్దరు ఆయాలే, సిస్టర్‌కు ఫోన్ చేస్తే వస్తది. ఒకరోజు బాపుకు జ్వరం, మాపటి ఇన్సులిన్ మామూలు డోసు వేసిన్రు, బాపు రెండు ముద్దలు తిని లేచిండు, ప్లేట్ ఎవరూ చూడలే. అర్ధరాత్రి చెమటలు, వణుకు, మాట తడబాటు. ఆయా మిషన్‌తోటి షుగర్ చూస్తే 58 ఉంది, 70 కన్న తక్కువుంటేనే ప్రమాదం. ఆమె దేవతలెక్క పనిచేసింది, గోడ మీద అంటించి ఉన్నట్టు మూడు చెంచాల చక్కెర నీళ్ళల్ల కలిపి తాగిచ్చింది, పావుగంటకు మళ్ళ చూసింది, పెరిగినంక బిస్కెట్లు పెట్టింది. బాపు తెలివిల ఉండె కాబట్టి సరిపోయింది, తెలివి తప్పితే నోట్ల ఏం పోయొద్దు, పొర పోతది, అప్పుడు అంబులెన్సే. సిస్టర్ వచ్చేసరికి అరగంటకు పైనే అయింది, మాకు ఫోన్ వచ్చింది తెల్లారినంక. నేను పోయి గట్టిగనే అడిగిన. మేనేజర్ వాదించలే, ఏం జరిగిందో రిజిస్టర్ల రాసి చూపించిండు. ఇప్పుడు ప్లేట్ వచ్చి బాపు తినుడు ఖాయం అనుకున్నంకనే సూది, ఆకలి లేదంటే ముందుగాల డాక్టర్‌కు ఫోన్. అయినా షుగర్ పేషెంట్లు ఇంతమంది ఉన్న హోమ్ల రాత్రి సిస్టర్ లేకపోవుడు తప్పే, అదే మాట ఇక్కడ కూడా రాస్తున్న.

ఇంకోటి, బయట దవాఖానల చూపించుకొని వచ్చినంక డోసు మారితే షీట్ల మార్చుడు లేటైతుంది. బాపుకు బీపీ గోలీ తగ్గించిన్రు, మా చెల్లె కొత్త చిట్టీ ఆఫీసుల ఇచ్చింది, అది ఆఫీసులనే ఉండిపోయింది, రెండు రోజులు పాత డోసే ఇచ్చిన్రు. అడిగినంక పాత లైన్ కొట్టేసి తారీఖు వేసి కొత్తది రాసిన్రు, పాత గోలీల షీట్లు తీసేసిన్రు. చిట్టీ ఆఫీసుల కాదు సిస్టర్ చేతికే ఇయ్యండ్రి, రాసిందాక అక్కడనే కూసోండ్రి. మందుల బిల్లు కూడా నెలాఖరున మొత్తం ఒకటే అంకె వేసి ఇస్తున్నరు, ఏ మందు ఎన్ని, ఎంత అని విడివిడిగ ఇయ్యమని అడిగితే "చూస్తం మేడం" అంటున్నరు, ఇంకా ఇయ్యలే.

చనిపోయినోళ్ళ మందులు, మిగిలిన మందులు ఇంకొకరికి వాడరు, ఇంటోళ్ళకు వాపస్ ఇస్తరు. కొన్ని చోట్ల దానం వచ్చిన షీట్లన్నీ గంపల పోసి నొప్పంటే అందులకెల్లే తీసి ఇచ్చుడు చూసిన, ఉచితం హోమ్ అయినా సరే అట్ల చెయ్యొద్దు. ఎక్కడన్నా ఇట్లాంటిది చూస్తే పెద్దమనుషుల కోసం ఉన్న సర్కార్ హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చెయ్యొచ్చు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాక, పైసలు పడవు.

నా రేటింగ్ ఐదుకు నాలుగు, రాత్రి సిస్టర్‌ను పెట్టిన రోజు ఐదు ఇస్త. చూడనీకి పోయేటోళ్ళు పదకొండింటికి, అంతా సర్దినంక పోకుండ్రి. పొద్దుగాల ఏడున్నరకు మందుల బండి తిరిగేటప్పుడు పోండ్రి, ఏదో ఒకరి షీట్ పేరు మూసి చూపించమనండ్రి, ఆ టైమ్‌కు ఎంత దాక సంతకాలు ఉన్నయో చూడండ్రి.